తిట్టనీకి ఒక మనిషి కావాలె

మొన్న ఒక ఆదివారం మావాడు ఇంటిల్లిపాదినీ కారులో వేసుకుని వికారాబాద్ నుంచి గచ్చిబౌలి దిక్కు సినిమాకు తీసుకుపోయాడు. నేను, మా ఆవిడ, కొడుకు, కోడలు, మనవడు. టిక్కెట్టు ఒక్కోటి 295 రూపాయలు. ఆ లెక్క నాకు తెలిసిందే. 2021 డిసెంబరులో సర్కారు ఇచ్చిన జీవో ప్రకారం మల్టీప్లెక్సులో మామూలు సీటు 250 దాటరాదు. దాని మీద నూటికి 18 చొప్పున జీఎస్టీ 45. ముప్పై ఐదేళ్లు గుమస్తాగా లెక్కలు రాసినవాణ్ని, ఇంతమాత్రం నోటికే వస్తుంది. ఐదు టిక్కెట్లకు 1475 కావాలి. కానీ వాడి ఫోన్లోంచి పోయింది 1652.

"మిగిలిన 177 ఏందిరా?" అన్నాను.

"కన్వీనియెన్స్ ఫీజు, నాయినా."

"ఎవరి కన్వీనియెన్సు?"

"మనదే. లైన్ల నిలబడకుండ ఇంట్లనే కూసుండి బుక్ చేసుకున్నం గద."

అంటే మా ఇంట్లో, నేను కొన్న కుర్చీలో, నా కొడుకు కూర్చున్నందుకు మనిషికి ముప్పై రూపాయల కిరాయి. ఆ కిరాయి మీద మళ్లీ జీఎస్టీ.

సరే, తలుపు దగ్గర నల్ల టీషర్టు వేసుకున్న పిలగాడు ఫోన్లను గీకుతూ నిలబడితే వాణ్ని అడిగాను. "అది యాప్‌ది సార్, మాకు సంబంధం లేదు" అన్నాడు, చాలా మర్యాదగా. లోపల పేలాలకు మూడు వందల పైచిలుకు చెప్పిన అమ్మాయిని అడిగాను. "రేటు పైనుంచి వస్తది సార్" అంది. పైన ఎవరున్నారని తలెత్తి చూస్తే ఏసీ గొట్టం కనిపించింది. ఇంత చల్లగాలిలో, ఇంత మర్యాద మధ్యలో, మనిషికి కోపం వస్తే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. నా బాధ పైసల గురించి కాదు అని పెద్దమనిషిలా చెప్పొచ్చుగానీ, పైసల గురించే. కానీ దాంతోపాటు ఇంకొకటుంది. మా రోజుల్లో దోచుకున్నవాడికి ఒక ముఖం ఉండేది.

తాండూరులో నేను హైస్కూలు చదివే రోజుల్లో నేల టిక్కెట్టు 40 పైసలు. బుకింగు కిటికీ అంటే కిటికీ కాదు, గోడకు ఒక బొక్క. ఒక చెయ్యి పట్టే బొక్కలో నాలుగు చేతులు దూరేవి. మోచేతి దగ్గర చర్మం గీరుకుపోతే ఇంట్లో అమ్మకు తెలిసిపోయేది, వీడు టాకీసుకు పోయొచ్చాడని. లోపలున్న గుమస్తా ముఖం మాకెప్పుడూ కనిపించేది కాదు, వాడి ఉంగరం వేలు మాత్రం కనిపించేది. అయినా వాడి పేరు, వాడి తండ్రి పేరు, వాడు ఏ గల్లీలో ఉంటాడో అన్నీ తెలుసు. చిల్లర తక్కువిస్తే పొద్దున్నే వాడింటికి పోయి, పళ్లు తోముకుంటున్నవాణ్ని పట్టుకుని అడిగేవాళ్లం. ఇచ్చేవాడు కాదు. కానీ అడిగేవాళ్లం.

ఇక గేటు దగ్గర ఉండే మనిషి మరీ ముఖ్యుడు. ఇంటర్వెల్ తర్వాత జాలిపడి సగం పైసలకే లోపలికి తోలేవాడు. అట్లా రెండో సగాలు మాత్రమే చూసిన సినిమాలు నాకు చాలా ఉన్నాయి. హీరో తమ్ముడు ఎందుకు తప్పిపోయాడో ఇప్పటికీ తెలియదు, దొరకడం మాత్రం చూశాను. రీళ్ల డబ్బాలు రైల్లో వచ్చేవి. ప్యాసింజరు ఆలస్యమైతే మ్యాట్నీ ఆలస్యం. అప్పుడు జనం టాకీసు దగ్గర కాకుండా స్టేషనులో నిలబడేవాళ్లు, పెళ్లివారిని ఎదుర్కొన్నట్టు. మొదటి గంట కొట్టాక ఘంటసాల పాడిన వెంకన్న పాట రికార్డు పెట్టేవాళ్లు. అది వినబడిందంటే చాయ్ గ్లాసులు సగంలో వదిలేసి పరుగే పరుగు. రీలు తెగితే ఆపరేటరును పేరుపెట్టి తిట్టేవాళ్లం. ఆయన పైనున్న చిన్న చతురస్రంలోంచి తల బయటపెట్టి మమ్మల్ని తిరిగి తిట్టేవాడు. అదీ ఆటలో భాగమే, టిక్కెట్టులోనే కలిసి ఉండేది.

1977 సంక్రాంతికి 'దాన వీర శూర కర్ణ' వచ్చింది. దాదాపు నాలుగు గంటల సినిమా. జొన్నరొట్టెలు మూట కట్టుకుని వచ్చారు జనం. ఆ యేడే వేసవిలో 'అడవి రాముడు'. దానికి రూపాయి టిక్కెట్టు మూడు రూపాయలకు బ్లాకులో కొన్నాను. అమ్మింది నాతో ఏడో తరగతి చదివినవాడే. "దోస్తువు గదరా" అంటే "దోస్తువనే మూడు, బయటోళ్లకు నాలుగు" అన్నాడు. ఇప్పటికీ వాడు కనబడితే ఆ రెండు రూపాయల ముచ్చట తీస్తాను. యాభై ఏళ్ల కిందటి రెండు రూపాయలకు వడ్డీ కడితే ఎంతవుతుందో కూడా చెబుతాను.

ఇదంతా చెబుతుంటే కారులో వెనక సీట్లోంచి మా ఆవిడ అందుకుంది. "ఆగు. నీకు ముచ్చటే. ఆడోళ్ల దిక్కు కూసున్న మాకెరుక. నల్లులు కుట్టేది. బీడీ పొగ. చీకట్ల యెనకనుంచి ఎవని చెయ్యొస్తదో అని సినిమా అయిపోయేదాంక భయం. పాయఖానా అనేదే లేకపాయె. నాలుగు గంటల సినిమా గొప్పని చెప్తున్నవు, నాలుగు గంటలు ఎట్ల కూసున్నమో అడిగినవా ఒక్కనాడన్న?" అడగలేదు. నలభై ఏడేళ్ల కాపురంలో ఆ ప్రశ్న నాకు తట్టలేదు. మల్టీప్లెక్సు ఆమెకు నచ్చింది. అక్కడి బాత్రూము గురించి ఇరుగుపొరుగుకు చెప్పినంతగా సినిమా గురించి చెప్పలేదు. ఆమె మాట ఆమెది, ఒప్పుకుంటాను. కానీ నా లెక్క కూడా వినాలి.

1975లో నాపరాళ్ల పాలిషింగు కంపెనీలో గుమస్తాగా చేరితే నా జీతం నెలకు 150. రోజుకు ఐదు రూపాయలు. నేల టిక్కెట్టు అప్పటికి అర్ధరూపాయి అయింది. అంటే రోజు సంపాదనలో పదోవంతు. మొన్న 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ పనికి పోతే రోజు కూలి 307 రూపాయలు. మల్టీప్లెక్సు టిక్కెట్టు 295. రోజంతా ఎండలో తట్టలు మోసి సినిమాకు పోతే పన్నెండు రూపాయలు మిగులుతాయి. ఆ పన్నెండుతో లోపల ఏం కొనుక్కోవచ్చో మావాణ్ని అడిగితే "నీళ్ల బాటిల్ గూడ రాదు నాయినా" అన్నాడు. ఊళ్లోని పాత టాకీసులు చౌకే కదా అంటారు. ఏసీ ఉంటే అక్కడా 150 దాకా పెట్టుకోవచ్చు, పన్నుతో 177. అయినా నడవడం లేదు. 2024 మేలో తెలంగాణలో ఒక తెర టాకీసులు జనం లేక పది రోజులు మూతపడ్డాయి. మా చిన్నప్పుడు టాకీసు మూసేది కరెంటు పోతేనో, ఓనరు అన్నదమ్ములు కొట్లాడుకుంటేనో. చూసేవాడు రాక మూశారంటే మేం నమ్మేవాళ్లం కాదు.

2025 సెప్టెంబరులో వంద రూపాయల లోపు టిక్కెట్ల మీద జీఎస్టీ 12 నుంచి 5కు దించారని పేపర్లో చదివి సంతోషించాను. ఆ వంద రూపాయల లోపు టిక్కెట్టు ఎక్కడ దొరుకుతుందో వెతుకుతున్నాను. దొరికినవాళ్లు చెప్పండి.

తాండూరులో మా దోస్తులం కలిసే చాయ్ హోటల్లో ఈ విషయం మీద ఏకాభిప్రాయం ఎప్పుడూ రాదు. 2024 డిసెంబరు 4 రాత్రి 'పుష్ప 2' ముందస్తు ఆటకు టిక్కెట్టు మీద 800 ఎక్కువ వేసుకోవచ్చని సర్కారే అనుమతిచ్చింది. ఆ రాత్రే హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. ఇక బెనిఫిట్ షోలు, రేట్ల పెంపులు ఉండవని ముఖ్యమంత్రి అసెంబ్లీలో అన్నారు. నెల తిరగకుండానే సంక్రాంతి సినిమాకు మళ్లీ పెంపు ఉత్తర్వు వచ్చింది, హైకోర్టులో వ్యవహారం ముదిరాక వెనక్కి పోయింది. "హీరోకు వందల కోట్లిస్తే టిక్కెట్టు పెరగదా?" అని ఒకడు. "నిన్ను ఎవడు పొమ్మన్నడు? నెలాగితే ఇంట్ల టీవీలనే వస్తది" అని ఇంకొకడు. మూడోవాడు నాపరాళ్ల వ్యాపారి, ఆలోచించి ఒక మాట అన్నాడు: "బండకు రేటు నేను చెప్తే కొనేటోడు బేరం చేస్తడు. సినిమా టిక్కెట్టుకు సర్కారు, కోర్టు, ప్రొడ్యూసరు ముగ్గురు బేరమాడుకుంటున్నరు. కొనేటోడు యాడున్నడు అండ్ల?"

బేరమంటే గుర్తొచ్చింది. మా కంపెనీ సేటు దగ్గర బేరమంతా ట్రంకుకాల్ మీదే. షోలాపూరు, పూనా, బొంబాయి. ఎక్స్ఛేంజీకి చెప్పి కూర్చుంటే లైను దొరికేసరికి పొద్దూకేది. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు అని మూడు రకాలు. అర్జెంటుకు రెట్టింపు, లైట్నింగుకు ఎనిమిదింతలు. మా సేటు లైట్నింగ్ కాల్ చేసింది నా సర్వీసులో రెండే సార్లు. ఒకటి తండ్రి పోయినప్పుడు, ఒకటి షోలాపూరు పార్టీ పైసలు ఎగ్గొట్టినప్పుడు. రెండోసారి ఎక్కువ ఏడ్చాడు. ఎక్స్ఛేంజీలో ఉండే ఆపరేటరమ్మతో రోజూ కొట్లాటే. "ఏమమ్మా, నా లైను ఆ సేటుకిచ్చినవా?" అని ఇతడు, "మీ బొంబాయోడు ఎత్తకుంటే నేనేం జేయాలె సేట్?" అని ఆమె. కానీ కూతురి పెండ్లికి మొదటి పత్రిక ఆమెకే పంపాడు. ఇప్పుడు మా మనవడు డేటా, ప్రైవసీ అని ఏదో చెబుతుంటాడు. ఎవడి వ్యాపారం మునిగింది, ఎవడు ఎవరికి బాకీ, ఎవడి కొడుకు బీదర్ నుంచి ఎవరికి ఫోన్ చేస్తున్నాడు, ఊరి మొత్తం డేటా ఆ అమ్మ కడుపులో ఉండేది. ఒక్క మాట బయటికి రాలేదు. వచ్చి ఉంటే తాండూరులో సగం పెండ్లిళ్లు అయ్యేవి కావు.

తర్వాత పసుపు బోర్డుల ఎస్టీడీ బూత్‌లు వచ్చాయి, పోయాయి. 2013 జూలైలో టెలిగ్రాము కూడా మూసేశారు. టెలిగ్రాం వస్తే ఇల్లంతా ఏడుపు మొదలుపెట్టి, తర్వాత చదివేవాళ్లం. ఒకసారి చదివాక తెలిసింది, అది మా బావమరిదికి ఉద్యోగం వచ్చిన వార్త. మొదలుపెట్టిన ఏడుపును ఆపడానికి చాలాసేపు పట్టింది.

ఇక కంప్యూటర్ల ముచ్చట. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ను 1998 నవంబరులో వాజ్‌పేయి ప్రారంభించినప్పుడు మా తాండూరులో నడిచిన చర్చ ఒక్కటే: అన్ని అంతస్తులు లేస్తే కింద పరచడానికి బండలు ఎన్ని లారీలు కావాలె? కంప్యూటరు అంటే ఏమిటో మాకు తెలియదు, కానీ దాన్ని ఏదో ఒక దాని మీద పెట్టాలి కదా, ఆ కింద బండ ఉండాలి కదా. మా సేటు పలుకుబడి ఉన్నవాళ్ల చుట్టూ తిరిగాడు. ఒక్క లారీ ఆర్డరు కూడా రాలేదు. తర్వాత నునుపు టైల్సు వచ్చి మా బండల గిరాకీనే తినేశాయి. ఇప్పుడు మా కొడుకు ఆ దిక్కు ఉన్న ఒక కంపెనీలోనే పని చేస్తాడు, ఆ టైల్స్ మీదే నడుస్తాడు. నేను ఏమంటాను?

ఆ కంపెనీల మీద మావాళ్ల అభిప్రాయం స్థిరపడింది 2009 జనవరి 7న. సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు లెక్కల్లో ఏడు వేల కోట్ల దాకా తప్పు చూపించామని తానే ఉత్తరం రాసి ఒప్పుకున్నాడు. 180 దగ్గరున్న షేరు సాయంత్రానికి 40కి పడింది. పేరు మీద అందరూ వేసిన జోకు మేమూ వేశాం, అది వదిలేయండి. ఆ రోజు చాయ్ హోటల్లో చిట్టీలు నడిపే మనిషి అన్న మాట నాకు గుర్తుండిపోయింది. "చిట్టీలోడు పారిపోతే వాని ఇంటికాడ పెండ్లామన్న దొరుకుతది తిట్టనీకి. గీ షేర్లోడు పారిపోతే టీవీ ముంగట నిలబడి తిట్టాల్నా?" గుమస్తాగా నాకు తట్టింది వేరు. మా సేటు దగ్గర నాలుగు బండలు తక్కువ రాస్తే రాత్రి పదింటి దాకా కూర్చోబెట్టి తప్పు దొరికించేవాడు. ఏడు వేల కోట్లు తక్కువైతే అన్నేళ్లూ ఎవరికీ నిద్ర పట్టిందెట్లా?

ఇప్పుడు సంగతి అమెరికా దాకా పోయింది. 2025 సెప్టెంబరులో అక్కడి అధ్యక్షుడు కొత్త హెచ్-1బీ వీసాకు లక్ష డాలర్ల ఫీజు అన్నాడు. మా కోడలు తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ పడుకోలేదు. పాత వీసావాళ్లకు కాదట, కొత్తవాళ్లకేనట అని తెల్లారాక తేలింది. మర్నాడు చాయ్ హోటల్లో ట్రంపును తిట్టారు మావాళ్లు, బాగానే తిట్టారు. తాండూరు నుంచి వాషింగ్టన్‌కు తిట్టు చేరుతుందా? పట్వారీని తిడితే పొద్దుగూకేలోగా ఆయన చెవిన పడేది, మర్నాడు ఆయన ముఖం మాడేది. దానిలో ఉన్న తృప్తి దీనిలో లేదు.

దూరం చేరే మాటంటే గుర్తొచ్చింది. మా అనంతగిరి గుట్టల అవతల, పూడూరు దిక్కు దామగుండం అడవిలో 2024 అక్టోబరు 15న నేవీ రేడియో స్టేషనుకు శంకుస్థాపన చేశారు. 2,900 ఎకరాల దాకా అడవి. అడవి పోతుందని కొందరు అడ్డుపడ్డారు, దేశ రక్షణ అని కొందరు వెనకేసుకొచ్చారు. అక్కడి నుంచి చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు పంపితే సముద్రంలో మునిగి ఉన్న జలాంతర్గామికి సందేశం అందుతుందట. సముద్రమే లేని జిల్లా నుంచి! గొప్పే, కాదనను. కానీ వికారాబాద్‌లో మా ఇంట్లో ఫోన్ మోగితే నేను డాబా ఎక్కాలి, లేకపోతే సగం మాటలే వినబడతాయి. కొడుకేమో నెట్‌వర్కు మార్చుకో అంటాడు. మూడు మార్చాను. మోకాలు మాత్రం మారలేదు.

ఇక సర్కారు సంగతికొస్తే, మా నాయన కాలంలో సర్కారు అంటే పట్వారీ. ఒకసారి పహాణీలో మా చెలక నాలుగు గుంటలు తక్కువ రాశాడు. కావాలనే రాశాడని మా నాయన అనుమానం, పక్కవాడి దగ్గర కందులు ముట్టాయని. మా నాయన సద్ది కట్టుకుని పోయి పట్వారీ అరుగు మీద మూడు రోజులు కూర్చున్నాడు. తిట్టలేదు, కొట్టలేదు. వచ్చేపోయేవాళ్లు "ఏం పటేలా, ఈడ గూసున్నవ్?" అంటే "నాలుగు గుంటలు ఎతుకుతున్న" అని చెప్పేవాడు. మూడో రోజు పట్వారీ భార్యకే సిగ్గేసి మొగుణ్ని కోప్పడింది. గుంటలు దొరికాయి. రెండు కుంచాల కందులు మేమూ ఇచ్చుకున్నాం, అది వేరే సంగతి.

పట్వారీలు మంచివాళ్లని నేను చెప్పడం లేదు. ఊళ్లకు ఊళ్లు మింగినవాళ్లున్నారు. 1984లో ఎన్టీ రామారావు ఆ వ్యవస్థ తీసేస్తే మా ఊళ్లో మిఠాయి పంచారు. 2020లో వీఆర్వోలనూ తీసేసి, ఆ అక్టోబరు 29న ధరణి అనే భూముల వెబ్‌సైటు తెచ్చారు. మనిషి లేకపోతే లంచం లేదన్నారు. కానీ ఎందరి భూములో పార్ట్-బి అనే వివాదాల పెట్టెలోనే ఉండిపోయాయి, దిద్దే అధికారం తహసీల్దారు చేతిలోనూ లేకపోయింది. ఎన్నికల్లో అదే పెద్ద లొల్లి అయి, సర్కారు మారి, 2025 ఏప్రిల్ 14న దాని బదులు భూభారతి వచ్చింది. మంచిదైతే మంచిదే. కానీ వెబ్‌సైటుకు అరుగు ఉండదు. సద్ది కట్టుకుని పోయి ఎక్కడ కూర్చోవాలె?

ఓట్లకు వచ్చినవాణ్ని కూడా అట్లాగే పట్టుకునేవాళ్లం. జీపు ఊళ్లో ఆగితే మా తాత బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడేవాడు, సమాధానం చెప్పేదాకా తీసేవాడు కాదు. ఇంజను వేడికి చెయ్యి కాలినా తీయలేదని మా మేనత్త చెప్పేది. మా తాండూరు ఓటుకు ఒక చరిత్ర ఉందండీ. 1967లో ఇక్కడి నుంచి గెలిచిన మర్రి చెన్నారెడ్డి మీద వందేమాతరం రామచంద్రరావు కోర్టుకు పోతే, ఆ ఎన్నిక చెల్లదని తీర్పొచ్చింది. కేంద్రంలో ఉక్కు మంత్రి పదవి కూడా పోయింది. ఆ మనిషే 1969లో తెలంగాణ ఉద్యమానికి పెద్ద నాయకుడై, 1971లో ప్రజా సమితికి 14 ఎంపీ సీట్లలో 10 గెలిపించాడు. ఆ తర్వాత రెండుసార్లు ముఖ్యమంత్రి. ఊళ్లో ఓడించాలనుకున్నవాడికీ గెలిపించాలనుకున్నవాడికీ ఆయన ఎదురుగానే ఉన్నాడు. 2022 అక్టోబరులో మొయినాబాద్ ఫాంహౌజ్ వ్యవహారం బయటపడ్డప్పుడు పార్టీ మారడానికి అప్పటి మా తాండూరు ఎమ్మెల్యేకు నూరు కోట్లు ఇవ్వజూపారని ఫిర్యాదులో రాసి ఉంది. నిజమేమిటో తేల్చేవాళ్లు తేల్చాలి. చాయ్ హోటల్లో నన్ను అడిగింది ఒక్కటే: "గుమస్తా సాబ్, నూరు కోట్లకు సున్నాలెన్ని?" వేళ్లు మడిచి లెక్కపెట్టి తొమ్మిది అని చెప్పాను. అందరూ కాసేపు మాట్లాడలేదు.

మా చేవెళ్ల ఎంపీ సీటు చూడండి. ఇటు కొస తాండూరు కంది చేలు, అటు కొస శేరిలింగంపల్లిలో హైటెక్ సిటీ అద్దాల మేడలు. ఇద్దరికీ ఒకే ఎంపీ. 2022లో మా కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక్కడి నల్లరేగడి మట్టి గుణం వల్ల పప్పు తొందరగా ఉడుకుతుంది, రుచి వేరు. ఇప్పుడు అటు కొసన ఉన్నవాడు ఫోన్ నొక్కితే పది నిమిషాల్లో 'తాండూరు కందిపప్పు' ఇంటికొస్తుంది. పండించినవాడికి సర్కారు పెట్టిన మద్దతు ధర 2025-26కు క్వింటాలు 8,000, అంటే కిలో కందులు 80. ఫోన్లో పప్పు రేటు మా కోడలు చూపించింది. ఆ మధ్యలో ఉన్న పైసలు ఎవరివని అడగబోయి ఊరుకున్నాను. పైనుంచి వస్తది అంటుంది.

మనిషి దొరికితే అంతా బాగుంటుందని కూడా కాదు. 2024 నవంబరు 11న మా జిల్లాలోనే, దుద్యాల మండలం లగచర్లలో ఏమైందో అందరికీ తెలుసు. ఫార్మా కోసం భూములు అడిగారు. ప్రజల మాట వింటామని సభ ఊరికి దూరంగా పెట్టారు. జనం అక్కడికి రాలేదు. ఊళ్లోకి వచ్చిన కలెక్టరు మీద, అధికారుల మీద దాడి జరిగింది. పదుల కొద్దీ మనుషులు జైలుకు పోయారు. ఆ నెలాఖరుకు ఫార్మా నోటిఫికేషను రద్దు చేసి, పారిశ్రామిక పార్కు అన్నారు. మా తాత బానెట్ మీద చెయ్యి పెట్టాడేగానీ అద్దం పగలగొట్టలేదు. కానీ మా తాత దగ్గరికి వాళ్లు ఓట్ల కోసం వచ్చేవాళ్లు, భూమి కోసం కాదు. ఈ రెండో మాట నాకు రాత్రి పడుకున్నాక తట్టింది.

అట్లాగే 2025 నవంబరు 3. తాండూరు నుంచి హైదరాబాద్ పోతున్న బస్సును చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పరు ఢీకొంది. పంతొమ్మిది మంది పోయారు. మాకు తెలిసిన ఇళ్లు. ఆ రోడ్డు వెడల్పు చేయాలని ఏళ్ల నుంచి మాట. పక్కన వందల మర్రిచెట్లున్నాయి, వాటి కోసం కేసు నడిచింది. ఆ రోజు చాయ్ హోటల్లో టిప్పరును తిట్టినవాడున్నాడు, రోడ్డును తిట్టినవాడున్నాడు, చెట్లను తిట్టినవాడున్నాడు, సర్కార్లను వరసబెట్టి తిట్టినవాడున్నాడు. ఎవరి తిట్టూ ఎక్కడా ఆనలేదు. చాయ్ తాగకుండానే లేచాం.

అప్పటి నుంచి మా ఆవిడ షరతు: బస్సెక్కితే ముందర కూర్చోవద్దు. అందుకని పోయిన వారం వికారాబాద్ నుంచి తాండూరుకు పోతూ వెనక, కండక్టరు పక్కన కూర్చున్నాను. బస్సు నిండా ఆడవాళ్లే. 2023 డిసెంబరు నుంచి వాళ్లకు ప్రయాణం ఫ్రీ, జీరో టిక్కెట్టు. టిక్కెట్టు కొన్న మగాళ్లం నలుగురం, తప్పు చేసినట్టు ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నేను వంద నోటు ఇచ్చాను. "ఫోన్ కొట్టు పెద్దాయనా, చిల్లర లేదు" అన్నాడు కండక్టరు.

"నా ఫోన్ల పైసలుండయి."

"మరి చిల్లర తెచ్చుకోవాలె గద?"

"చిల్లర నేను తెస్తే నీకు సంచి ఎందుకిచ్చిన్రు?"

ఇక మొదలైంది. ధారూరు దాకా సాగింది. నా వయసుకు మర్యాద ఇచ్చాడు, నా చాదస్తానికి ఇవ్వలేదు. నేను అతని డ్యూటీ గురించి అన్నాను, అతను నా నోటు చిరుగు గురించి అన్నాడు. పక్కనున్న ఒకామె ఇద్దరినీ కలిపి తిట్టింది. చివరికి టిక్కెట్టు తిప్పి, వెనక పెన్నుతో 30 అని రాసి చుట్టూ సున్నా చుట్టి ఇచ్చాడు, దిగేటప్పుడు అడగమని. ఎన్నాళ్లయిందో ఆ సున్నా చూసి! మిగతా దారి అంతా ఇద్దరం మాట్లాడుకుంటూనే ఉన్నాం. అతని కొడుకు ఇంజనీరింగు చదువుతున్నాడట, నాలుగు సబ్జెక్టులు తప్పాడట. తాండూరు వచ్చింది, దిగిపోయాను. ముప్పై తీసుకోవడం మరిచాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ టిక్కెట్టు చూసింది. "ముప్పై రూపాయల కోసం డెబ్బై పెట్టుకుని మళ్ల పోతవా? ఇటియ్యి, నేను పోతే పుక్యానికే తెస్త."

"నువ్వు తెస్తే ఏం లాభం?" అన్నాను.

టిక్కెట్టు ఇంకా చొక్కా జేబులోనే ఉంది. ఉతకడానికి చొక్కా అడిగితే ఇవ్వలేదు. ఆ కండక్టరు డ్యూటీ మళ్లీ మంగళవారమట.